నాంపల్లిల ఓటు లేదు, మొంబాసకు పొయ్యి ఓటు కోసం కొట్లాడింది

సరోజినీదేవి అంటె మన ఊర్లల్ల ముందుగాల యాదికొచ్చేది మెహదీపట్నం కండ్ల దవాఖాన. అవ్వ కండ్లకు పొర కమ్మితె, తాతకు చూపు మందగిస్తె, పొద్దుగాల బస్సెక్కించి ఆడికే తోల్కపోతరు. బడిల చదువుకున్నోళ్ళకు ఇంకో ముక్క ఎరుక, భారత కోకిల అని. ఫిబ్రవరి 13 ఆమె పుట్టినరోజు, ఆ దినం జాతీయ మహిళా దినం అని పోటీ పరీక్షలకు చదివేటోళ్ళు గుర్తు పెట్టుకుంటరు. దవాఖాన, కోకిల, ఒక తారీఖు. ఆమె బతుకు మనకు గీ మూడు ముచ్చట్లల్లనే అయిపోయింది.

నాకు మాత్రం ఆమె అంటె ఒక కొట్లాట యాదికొస్తది. అది మన దేశంల జరిగింది గాదు. 1924 జనవరిల తూర్పు ఆఫ్రికా ఒడ్డుకు, మొంబాస అనే ఊరికి పొయ్యి, అక్కడి భారతీయుల మహాసభకు ఆమె అధ్యక్షత వహించింది. కొట్లాట దేని మీద? కెన్యా అనే బ్రిటిష్ వలసల చట్టాలు చేసే సభల ఎవరికెన్ని సీట్లు, ఎవరికి ఓటు అనే దాని మీద. ఈ ముచ్చట మన పాఠాలల్ల రాదు. అందుకే ఇయ్యాల దాని గురించి రాస్తున్న.

ముందు ఇంటికాడికెల్లి మొదలుపెడుదాం. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దిక్కు పొయ్యే తొవ్వల, దుకాణాల బోర్డుల నడుమ ఒక పాత బంగళా ఉంటది. పేరు గోల్డెన్ త్రెషోల్డ్. నేను డిగ్రీ చదివేటప్పుడు ఆదివారం నాడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం ఎన్నిసార్లు పొయ్యిన్నో లెక్కలేదు. ఆ గేటు ముందటికెల్లి నడిచి పొయ్యిన గాని లోపల ఏముందో తెల్వది. అది సరోజిని తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఉన్న ఇల్లు. 1905ల లండన్ల అచ్చయిన ఆమె మొదటి కవితల పుస్తకం పేరే ఆ ఇంటికి నిలిచింది. తర్వాత బిడ్డ పద్మజా నాయుడు దాన్ని హైదరాబాద్ యూనివర్సిటీకి ఇచ్చేసింది. ఇయ్యాల గచ్చిబౌలిల ఎకరాలకెకరాలున్న సెంట్రల్ యూనివర్సిటీ 1974ల పుట్టినప్పుడు పాఠాలు షురూ అయింది ఈ అబిడ్స్ ఇంట్లనే.

అఘోరనాథ్ బెంగాలీ బ్రాహ్మడు, బ్రహ్మసమాజపోడు. ఎడిన్‌బరోల సైన్సుల డాక్టరేట్ చేసి హైదరాబాద్‌కు నౌకరికొచ్చిండు. నిజాం కాలేజీకి పునాది పడ్డ రోజుల్ల దానికి పెద్ద దిక్కు ఆయనే. 1879ల సరోజిని ఇక్కడనే పుట్టింది. ఆమెకు నాలుగేండ్లున్నప్పుడు ఆ ఇంటి మీద ఒక పిడుగు పడ్డది. 1883ల నిజాం సర్కారు రైలు పట్టాలను చాందా దాకా పొడిగియ్యాలని ఒక లండన్ కంపెనీతోని ఒప్పందానికి దిగింది. కంపెనీకి వడ్డీ గ్యారంటీ ఇచ్చేది మన ఖజానా. అంటె రైతు కట్టిన శిస్తు. ఆ షరతులు ఏందో జనానికి చెప్పుండ్రి, కాయిదాలు బయట పెట్టుండ్రి అని అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటి కొందరు కలిసి అడిగిండ్రు. అడిగినందుకు సర్కారు అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్ళగొట్టింది. కొన్నేండ్లకు మల్ల రానిచ్చిండ్రు గాని ఆ చేదు ఇంట్ల ఉండిపోయే ఉంటదని నేననుకుంట.

ఇక్కడ జర ఆగి సోంచాయించుండ్రి. ఇయ్యాల సర్కారు ఏదన్న కంపెనీతోని ఒప్పందం చేసుకుంటె, నచ్చనోడు అసెంబ్లీల లేచి ప్రశ్న అడుగుతడు. జవాబు సరిగ్గ వస్తదా రాదా అది వేరే సంగతి, అడిగేటందుకు ఒక జాగ అయితె ఉన్నది. 1883ల హైదరాబాద్ల ఆ జాగ లేదు. తర్వాత పదేండ్లకు, 1893ల, ఒక శాసన మండలి పెట్టిండ్రు. అండ్ల కూసున్నోళ్ళు ఎక్కువ మంది సర్కారు ఆఫీసర్లే. మామూలు రైతుకు, కూలికి, ఆడిదానికి ఓటు అన్న మాటే లేదు. సరోజిని పెరిగింది గసొంటి రాజ్యంల.

చదువుల మాత్రం పిడుగే. పన్నెండేండ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ల మొదటి ర్యాంకు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వజీఫా ఇస్తె 1895ల ఇంగ్లండుకు పోయింది. లండన్ కింగ్స్ కాలేజీల, తర్వాత కేంబ్రిడ్జి గిర్టన్ల చదివింది. పోవుడు వెనుక ఇంకో కారణం ఉన్నది. ముత్యాల గోవిందరాజులు నాయుడు అనే తెలుగు డాక్టరు మీద ఆమెకు మనసైంది. కులం వేరు, భాష వేరు, ఆయన వయసుల గూడ పదేండ్లు పెద్ద. దూరం పోతె మర్చిపోతదని ఇంట్లోళ్ళు అనుకున్నరు. ఆమె మర్వలే. 1898ల వాపసొచ్చింది, అదే ఏడు డిసెంబర్ల మద్రాసుల పెండ్లి చేసుకుంది. పౌరోహిత్యం చేయించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు. బెంగాలీ బాపనింటి బిడ్డ, తెలుగు నాయుడింటి కోడలు అయింది. నూటా పాతికేండ్ల కిందటి కులాంతర పెండ్లి ఇది. ఇయ్యాలటికీ మన జిల్లాలల్ల ఇట్ల పెండ్లి చేసుకున్న పోరగాండ్ల పాణాలు పోతున్నయని పేపర్ల చదువుతున్నం గదా.

నలుగురు పిల్లలు: జయసూర్య, పద్మజ, రణధీర్, లీలామణి. 1908ల మూసీ పొంగి పట్నం సగం కొట్టుకపోయినప్పుడు బాధితుల కోసం తిరిగింది. ఆ సేవకు బ్రిటిష్ సర్కారు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత దాన్ని వాపసిచ్చేసింది. రాసింది ఇంగ్లీషుల, సభల మాట్లాడింది ఇంగ్లీషుల, ఉర్దూల. తెలుగు కవయిత్రి అని మనం చెప్పుకునే అవకాశం లేదు, అయినా హైదరాబాద్ బజార్ల మీద ఆమె రాసిన పద్యం ఇయ్యాలటికీ పిల్లలు ఇంగ్లీషు వాచకంల చదువుతరు.

ఓటు ముచ్చటకు ఆమె వచ్చింది 1917ల. ఆ డిసెంబర్ల బ్రిటిష్ మంత్రి మాంటేగు మద్రాసుకొస్తె, ఆడోళ్ళకు గూడ ఓటియ్యాలని అడిగేటందుకు ఒక ప్రతినిధి బృందం పోయింది. దానికి ముందు నడిచింది సరోజిని. 1919ల లండన్‌కు పొయ్యి పార్లమెంటు కమిటీ ముందల గూడ ఇదే చెప్పింది. బ్రిటిషోళ్ళు తేల్చలే. ఏ రాష్ట్రం సభ ఆ రాష్ట్రంల చూసుకోమని తప్పించుకున్నరు. 1921ల మద్రాసు సభ ముందుగా ఆడోళ్ళకు ఓటిచ్చింది. ఆస్తి ఉన్నోళ్ళకే గాని, ఇచ్చుడైతె ఇచ్చింది. 1927ల ముత్తులక్ష్మి రెడ్డి ఆ సభలకు పోయింది. అదే టైముల, సరోజిని సొంతూరు హైదరాబాద్ల ఆడోళ్ళకు లేదు, మొగోళ్ళకు లేదు. సమానత్వం అంటె గట్లుండె!

ఇగ ఆఫ్రికా. తూర్పు ఆఫ్రికాల మనోళ్ళు ఎందుకున్నరు? మల్ల రైలే. 1896 నుంచి 1901 దాకా మొంబాస రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా బ్రిటిషోళ్ళు పట్టాలు ఏసిండ్రు. దానికి హిందుస్తాన్ నుంచి, ఎక్కువగ పంజాబ్ నుంచి, దాదాపు 32,000 మంది కూలీలను ఒప్పందం మీద తోల్కపొయ్యిండ్రు. రోగాలకు, ప్రమాదాలకు, కొందరు సింహాల నోట్లె పడి, 2,500 మంది దాకా సచ్చిపొయ్యిండ్రు. పని అయిపోయినంక చానామంది వాపసొచ్చిండ్రు, కొన్ని వేల మంది ఆడనే ఆగిండ్రు. వీళ్ళకు ముందునుంచే ఒడ్డు పొంటి దుకాణాలు పెట్టుకున్న గుజరాతీలు తోడున్నరు. పట్టాల ఎంబడే లోపలి ఊర్లకు పొయ్యి ఉప్పు, బట్ట అమ్మిన దుకాణాలు మనోళ్ళవే.

1907 ఆగస్టుల అక్కడ శాసన మండలి మొదటిసారి కూసుంది. ఇయ్యాలటి కెన్యా పార్లమెంటుకు అదే విత్తనం. గవర్నర్ పిలిచి కూసోబెట్టిన తెల్లోళ్ళే అందరు. కొన్నేండ్లకు కరాచీకెల్లి పొయ్యి రైలు కాంట్రాక్టులు చేసిన ఎ.ఎం. జీవన్‌జీ అనే వ్యాపారిని నామినేట్ చేసిండ్రు. ఆ సభల కూసున్న మొదటి తెల్లోడు కాని మనిషి ఆయన. 1920ల దేశాన్ని పూర్తి వలసగ మార్చి కెన్యా అని పేరు పెట్టి ఎన్నికలు పెట్టిండ్రు. గెలిచిన 11 మంది తెల్లోళ్ళు. ఓటేసింది గూడ తెల్లోళ్ళే. వాళ్ళ ఆడోళ్ళకు సుత ఓటుండె.

మనోళ్ళు మేం గూడ పన్ను కడుతున్నం, మాకేదని అడిగిండ్రు. వాళ్ళు అడిగింది వేరే డబ్బా కాదు, ఒకటే ఓటరు జాబితా. చదువో ఆస్తో ఉన్న మనిషి ఎవడైతేంది, రంగు చూడకుండ ఒకటే లిస్టుల పేరెక్కియ్యాలె అని. ఇది వినంగనే తెల్ల రైతులు భగ్గుమన్నరు. ఇయ్యాల కొంతమందే ఉంటరు, రేపు ఎక్కువైతరు, సభ వీళ్ళ చేతులకు పోతది అని వాళ్ళ భయం. గవర్నర్‌నే ఎత్తుకపోవాలని పథకాలు గూడ ఏసిండ్రు.

1923 జులైల లండన్ సర్కారు తీర్పు చెప్పింది. వలసల మంత్రి డెవన్‌షైర్ పేరు మీద వచ్చిన శ్వేతపత్రం అది. తెల్లోళ్ళకు 11 సీట్లు, భారతీయులకు 5, అరబ్బులకు 1. ఎవరి లిస్టు వాళ్ళదే. ఎత్తు మీద సల్లగుండే మంచి భూములు తెల్లోళ్ళకే. ఆఫ్రికా వాళ్ళ తరఫున మాట్లాడేటందుకు ఒక మిషనరీని, అంటె మల్ల తెల్లోన్నే, నామినేట్ చేస్తం అన్నరు.

ఈ లెక్క మన పంచాయతీ లెక్కల జెప్పుకుంటె సాఫ్‌గ సమజైతది. కెన్యాను వెయ్యి మంది ఉన్న ఊరు అనుకుందాం. అప్పటి జనాభా లెక్కల ప్రకారం అండ్ల నలుగురు తెల్లోళ్ళు, తొమ్మిది మంది మనోళ్ళు, ఒక నలుగురు అరబ్బులు. మిగిలిన 980 మందికి పైన ఆ నేల మీద పుట్టినోళ్ళు. ఊర్ల 17 వార్డులు. నలుగురికి 11 వార్డులు, తొమ్మిది మందికి 5, ఇంకో నలుగురికి 1. తొమ్మిది వందల ఎనభై మందికి సున్న. అయితె ఆ శ్వేతపత్రంలనే ఒక గమ్మత్తు మాట రాసిండ్రు. కెన్యా ఆఫ్రికా వాళ్ళ దేశం, వాళ్ళ మేలే అన్నిటికంటె మీద అని. మాట మంచిదే. దాన్ని వాడుకుంది మాత్రం మనోళ్ళ నోరు మూసేటందుకు.

గీ మంటల నడుమ కెన్యా భారతీయులు సభ పెట్టుకొని అధ్యక్షత కోసం పిలిచింది సరోజినీదేవిని. 1924 జనవరి, మొంబాస. అప్పటికి ఆమెకు 45 ఏండ్లు నిండవస్తున్నయి, ఒంట్ల ఆరోగ్యం అంతంతే. గాంధీ ఎరవాడ జైల్ల ఉన్నడు, అదే నెల అపెండిసైటిస్‌కు ఆపరేషన్ గూడ అయింది. సభకు ముందు కూసున్నది ఒక ఆడమనిషి. ఎదురుంగ ఉన్నోళ్ళల్ల ఎక్కువ దుకాణదారులు, రైలు గుమాస్తాలు, వకీళ్ళు. శ్వేతపత్రం ఒప్పుకోవద్దు, ఐదు సీట్లకు ఆశపడి విడి లిస్టుల చేరొద్దు, హక్కు లేని కాడ తలపన్ను కట్టొద్దు అనే దారి ఆ సభల ఖాయమైంది. కొన్ని నెలలు పన్ను కట్టక కొట్లాడిండ్రు, కొందరు జైలుకు పొయ్యిండ్రు. తర్వాత ఏండ్లల్ల ఒకసారి సీట్లు తీసుకున్నరు, ఒకసారి బహిష్కరించిండ్రు. ఒకటే లిస్టు మాత్రం వాళ్ళకు దొరకలే.

ఇక్కడ నాకొక మాట చెప్పాలనుంది. సరోజిని మీద గౌరవం ఉన్నోళ్ళకు కొంచెం ముల్లు లెక్క గుచ్చుతదేమో. మనోళ్ళు మొంబాసల అడిగింది తెల్లోనితోని సమానం కావాలని. న్యాయమైన అడుగుడే. మరి ఆ 980 మంది? రెండేండ్ల కిందనే, 1922 మార్చిల, నైరోబీల హ్యారీ థుకు అనే కికుయు యువకున్ని అరెస్టు చేసిండ్రు. బలవంతపు కూలి మీద, తలపన్ను పెంపు మీద, మెడల ఏలాడేసుకొని తిరుగుమన్న గుర్తింపు కాయిదం మీద ఆయన జనాన్ని లేపిండు. విడిపించేటందుకు జనం పోలీసు ఠాణా ముందు కూడితె కాల్చిండ్రు. సర్కారు లెక్కల్నే 21 మంది సచ్చిపొయ్యిండ్రు. మొగోళ్ళు ఎనకాడుతుంటె ముందుకు దుంకిన మేరీ న్యాంజిరు అనే ఆమె గూడ అండ్లనే పాణమిడిసింది. థుకుకు సాయం చేసినోళ్ళల్ల మనోళ్ళున్నరు. ఎం.ఎ. దేశాయి అనే పత్రిక నడిపేటాయన తన ప్రెస్సుల కరపత్రాలు అచ్చేసిచ్చిండు. అయినా మహాసభల డిమాండ్ మాత్రం భారతీయుల సీట్ల కాడనే ఆగింది. చదువు, ఆస్తి ఉన్నోళ్ళకే ఓటు అని అడిగితె, బడి లేని, భూమి గుంజుకోబడ్డ ఆఫ్రికా మనిషి పేరు ఆ లిస్టులకు ఎట్లొస్తది?

ఆ కాలపు తెలివి అంతే అని కొందరంటరు. నేను పూర్తిగ ఒప్పుకోను. ఎందుకంటె సొంత దేశంల ఆడోళ్ళ ఓటు కోసం, మొగోళ్ళు నవ్వుతున్నా ముందుకు నడిచిన మనిషి ఆమె. ఓటు లేకపోవుడు ఎట్లుంటదో ఎరుకైన మనిషి. ఆమె కాడ ఎక్కువ ఆశపడుడు తప్పు గాదు. కాకపోతె ఒక సంగతి గూడ చూడాలె. తెల్లోళ్ళు భారతీయులకు హక్కు ఇయ్యకపోయింది ఆఫ్రికా వాళ్ళ మీది ప్రేమతోని కాదు. నలుగురి చేతుల పదకొండు వార్డులు ఉండాలని. ఆ పట్టును మొదట గట్టిగ గుంజినోళ్ళల్ల మనోళ్ళున్నరు, వాళ్ళ ముందు వరుసల హైదరాబాద్ ఆడమనిషి ఉన్నది.

మొంబాస నుంచి ఆమె దక్షిణాఫ్రికాకు పోయింది. అక్కడ మన తెలుగోళ్ళున్నరు. 1860ల మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్‌కు పోయింది గదా, ఆ ఏడు నుంచి చెరుకు తోటల కూలికి పోయినోళ్ళల్ల తమిళులతోని పాటు తెలుగోళ్ళు చానామంది. ఆ దేశంల 1910ల పార్లమెంటు పెట్టినప్పుడు ఒకటే షరతు, లోపల కూసునేది తెల్లోడే. 1924ల స్మట్స్ సర్కారు ఒక బిల్లు తెచ్చింది. భారతీయులు చెప్పిన జాగలనే ఉండాలె, చెప్పిన జాగలనే దుకాణం పెట్టాలె అని. మన ఊర్లల్ల వాడలు ఎట్ల ఏరు చేసిండ్రో గట్లనే, చట్టం రాసి మరీ. సరోజిని ఊరూరు తిరిగి దాని మీద మాట్లాడింది. డర్బన్ల దక్షిణాఫ్రికా భారతీయ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది. అదే ఏప్రిల్ల ఒక ఉప ఎన్నికల ఓడిపోయిన స్మట్స్ పార్లమెంటునే రద్దు చేసిండు, దాంతోని బిల్లు గూడ పడిపోయింది. ఇది సరోజిని వల్లనే అయింది అని రాసేటోళ్ళున్నరు, నేనైతె అట్ల రాయను. తెల్లోళ్ళ పార్టీల కొట్లాటల అది పడిపోయింది. మరుసటేడే ఇంకో పేరు పెట్టుకొని మల్లొచ్చింది.

వాపసొచ్చినంక 1925 డిసెంబర్ల కాన్పూర్ల కాంగ్రెస్‌కు అధ్యక్షురాలైంది. భారతీయ ఆడమనిషి ఆ కుర్చీల కూసునుడు అదే మొదలు. 1930ల గాంధీని, అబ్బాస్ త్యాబ్జీని పట్టుకపోతె, ధరాసన ఉప్పు కొటార్ల మీదికి వాలంటీర్లను నడిపింది ఆమెనే. లాఠీ దెబ్బలకు తలలు పగిలినా చెయ్యెత్తని మనుషుల ముచ్చట అప్పుడు దునియా మొత్తం చదివింది. జైలు, మరుసటేడు లండన్ రౌండ్ టేబుల్, మల్ల జైలు. 1942ల గాంధీతోని పాటు పూణె ఆగాఖాన్ ప్యాలెస్‌ల నిర్బంధం. ఇవన్నీ మీకు పుస్తకాలల్ల దొరుకుతయి, అందుకే ఉరికిపోతున్న.

1946 డిసెంబర్ల ఢిల్లీల రాజ్యాంగ సభ కూసుంది. అండ్ల సరోజిని ఉన్నది. ఏ రాష్ట్రం నుంచి? బిహార్ నుంచి. హైదరాబాద్ నుంచి కాదు, ఎందుకంటె నిజాం ఆ సభలకు మనిషినే పంపలే. హైదరాబాద్ల పుట్టి, అబిడ్స్ల ఇల్లుండి, దేశానికి రాజ్యాంగం రాసే సభలకు ఆమె బిహార్ తొవ్వ పట్టుకొని పోవాల్సొచ్చింది. అదే ఏడు ఇక్కడ నిజాం సర్కారు కొత్త సంస్కరణలని 132 మంది సభ ఒకటి పెట్టింది. జనానికి బాధ్యత లేని ఆ సభ మాకొద్దని స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది.

1947 ఆగస్టు 15న ఉత్తరప్రదేశ్, అప్పటి సంయుక్త రాష్ట్రం, గవర్నర్ అయింది. స్వతంత్ర భారతంల మొదటి ఆడ గవర్నర్. 1948 సెప్టెంబర్ల హైదరాబాద్ కలిసినప్పుడు ఆమె లక్నోల ఉన్నది. 1949 మార్చి 2న ఆ గవర్నర్ బంగళలనే కన్నుమూసింది. నాంపల్లిల జనం వరుసల నిలబడి ఓటేసింది ఆమె చూడలే.

కెన్యా సభ కథ ఆమె పొయ్యినంక గూడ నడిచింది. 1944ల ఎలియుడ్ మాథు అనే టీచరును నామినేట్ చేసిండ్రు, ఆ సభల మొదటి ఆఫ్రికా మనిషి. సభ మొదలై 37 ఏండ్లయినంక! ఆఫ్రికా వాళ్ళు ఓటేసి గెలిపించుకున్నది 1957ల, ఎనిమిది మందిని. టామ్ ఎంబోయా, ఒగింగా ఒడింగా వాళ్ళల్లనే. 1963ల స్వాతంత్య్రం, రెండు సభలు. మూడు నాలుగేండ్లకే పెద్ద సభను చిన్న సభల కలిపేసి ఒకటే జాతీయ అసెంబ్లీ అన్నరు. కొన్నాళ్ళు దానికి డిప్యూటీ స్పీకర్‌గ ఉన్నది ఫిట్జ్ డిసౌజా, గోవా మూలాలున్న భారతీయుడు. 1969ల గ్రేస్ ఒన్యాంగో గెలిచి మొదటి ఆడ ఎంపీ అయింది. 1982ల ఒకటే పార్టీ ఉండాలని చట్టం చేసిండ్రు, జనం కొట్లాడితె 1991ల తీసేసిండ్రు. 2010 రాజ్యాంగం పెద్ద సభను వాపస్ తెచ్చింది, 47 జిల్లాలకు 47 మంది ఆడ ప్రతినిధుల సీట్లు పెట్టింది. 2024 జూన్ 25న పన్నులు పెంచే బిల్లు పాసైతుంటె మీ వయసు పోరగాండ్లు ఫోన్లల్ల పిలుపిచ్చుకొని వచ్చి పార్లమెంటు లోపలికి చొరబడ్డరు. పోలీసులు కాల్చిండ్రు, పాణాలు పోయినయి. తెల్లారి అధ్యక్షుడు ఆ బిల్లు మీద సంతకం పెట్టనని చెప్పిండు. సరిగ్గ నూరేండ్ల కింద మొంబాసల గూడ మాట అదే ఉండె, మమ్ములను అడగకుండ పన్నెట్లేస్తరు అని.

ఇగ మన నాంపల్లి. పబ్లిక్ గార్డెన్ పక్కకు తెల్లగ కనిపించే పాత అసెంబ్లీ బిల్డింగు ఎరుకనే గదా. అది అసెంబ్లీ కోసం కట్టింది కాదు. ఆరో నిజాం నలభై ఏండ్లు నిండిన యాదికి జనం చందాలతోని 1905ల మొదలుపెట్టి 1913ల పూర్తి చేసిన టౌన్ హాలు. 1952ల హైదరాబాద్ రాష్ట్రంల మొదటిసారి అందరికి ఓటొచ్చింది. ఆడ, మొగ, చదువుకున్నోడు, ఏలిముద్ర ఏసేటోడు, జాగీర్దారు, జీతగాడు, అందరికి ఒకటే ఓటు, ఒకటే లిస్టు. 175 సీట్ల సభ. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, శాలిబండ నుంచి మాసుమా బేగం, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి గెలిచి ఆ సభల కూసున్నరు. గోల్డెన్ త్రెషోల్డ్ ఇంటి నుంచి నడిచిపోతె దగ్గర్నే.

అదే ఎన్నికలల్ల సరోజిని తమ్ముడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ విజయవాడ నుంచి స్వతంత్రంగ గెలిచి లోక్‌సభకు పోయిండు. మెదక్ నుంచి లోక్‌సభకు పోయింది హైదరాబాద్ల డాక్టరు జయసూర్య, సరోజిని పెద్దకొడుకు. అమ్మ అధ్యక్షత వహించిన కాంగ్రెస్ టికెట్ మీద కాదు, పీడీఎఫ్ తరఫున కాంగ్రెస్ మీదనే నిలబడి గెలిచిండు. మెదక్ జిల్లా మన ముత్తాతలు, ముత్తవ్వలు బతుకుల మొదటి ఓటు ఏసింది ఆ ఎన్నికలనే.